యాప్ అడిగిందల్లా ఇవ్వాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: ఫోన్‌లో యాప్ వేసుకుంటే మన గుట్టు ఎవరి చేతికి పోతుంది? తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. దారులు ఆండ్రాయిడ్ ఫోన్లకు చెప్పినవి. ఫోన్ కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో పేర్లు కాస్త మారతాయి. కనపడకపోతే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో ఆ మాట కొట్టండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు వాళ్లు వస్తామంటే మూడొందల రూపాయల దర్శనం టికెట్ల కోసం చూస్తున్నాను. ఎక్కడా దొరకలేదు. ఇంతలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో టికెట్లు ఇప్పిస్తామంటూ ఒక ఫైలు వచ్చింది. పేరు చివర ఏపీకే అని ఉంది. నొక్కితే ఏదో హెచ్చరిక వచ్చింది, భయపడి వెనక్కి వచ్చేశాను. ఫోన్‌కి ఏమైనా అయి ఉంటుందా? ఇప్పుడు టీటీడీ అసలు యాప్ వేసుకోవాలన్నా చెయ్యి రావడం లేదు.
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: హెచ్చరిక దగ్గరే ఆగారు కాబట్టి ఏమీ కాలేదమ్మా. ఏపీకే అంటే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. అది ఫోన్‌లోకి దిగినంత మాత్రాన పనిచేయదు. ఇన్‌స్టాల్ చేస్తేనే దానికి ప్రాణం వస్తుంది. అలాగని వదిలేయకండి, పిల్లలు ఫోన్ తీసుకుని ఎప్పుడైనా నొక్కుతారు. ఫైల్స్ యాప్‌లో డౌన్‌లోడ్స్‌లోకి, వాట్సాప్ డాక్యుమెంట్స్‌లోకి వెళ్లి తీసేయండి. గ్రూపులో పంపిన వ్యక్తికి ఫోన్ చేసి చెప్పండి. ఆయన ఫోన్ ఇప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండి, ఆయనకు తెలియకుండానే ఆ ఫైలు వచ్చి ఉండొచ్చు.

తర్వాత సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అన్న వరసలో వెళ్లండి. అక్కడ వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ ‘నాట్ అలౌడ్’ అని ఉండాలి. మీరు చూసిన హెచ్చరిక ఈ మీట గురించే. ఇది ఆపి ఉన్నంతకాలం వాట్సాప్‌లో వచ్చే ఏ ఫైలూ యాప్‌గా మారలేదు. చివరగా ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లో ‘స్కాన్’ చేయండి.

ఆ హెచ్చరిక దాటి ముందుకు పోతే ఏం జరిగేదో కూడా తెలుసుకోండి. దర్శనం టికెట్ అయినా, ఆర్టీఓ చలానా అయినా, పెళ్లి పత్రిక అయినా ఈ ఫైళ్ల నడక ఒక్కటే. తెరవగానే ఎస్ఎమ్ఎస్ చదివే అనుమతి అడుగుతుంది, ఓటీపీ కోసం. నోటిఫికేషన్లు చూసే అనుమతి అడుగుతుంది, అదీ ఓటీపీ కోసమే. ఆఖరున అడిగేది యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి, వాళ్ల తరఫున మీటలు నొక్కడానికి పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్ చేతిలో పడితే మీ తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ వేలికి బదులు తనే నొక్కుతుంది, తనను తీసేయబోతే ఆ పేజీనే మూసేస్తుంది.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయట నుంచి వచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అంటూ ఫోన్ అడ్డుపడుతుంది. అప్పుడు మోసగాళ్లు ఫోన్ చేసి, యాప్ ఇన్ఫోలో పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ ఇవ్వమని దగ్గరుండి చేయిస్తారు. ఎవరైనా ఆ మూడు చుక్కల మాట ఎత్తితే ఫోన్ పెట్టేయండి.

గ్రూపులో ఇప్పటికే వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకూడదు. ముందు ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూడాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. అవతలి ఖాతాలోంచి డబ్బు తీసేసే లోపు చెబితేనే ఆపే వీలుంటుంది. తర్వాత ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెట్టాలి. చాలా ఫోన్లలో పవర్ మెనూ తెరిచి ‘పవర్ ఆఫ్’ గుర్తును నొక్కి పట్టుకుంటే వస్తుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అప్పుడు సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ వెతికి, తెలియని పేరుంటే దాని అధికారం తీసి, ఆ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. అధికారం తీయకుండా ముందే తీసేయబోతే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయదు. పేరూ బొమ్మా లేకుండా దాక్కునే యాప్‌లూ ఉంటాయి, అందుకే యాప్స్ జాబితా మొత్తం చివరిదాకా చూడాలి. కాల్ ఫార్వర్డింగ్‌లో కొత్త నంబరు ఉందేమో, వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉందేమో చూడాలి. పిన్లు, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచే మార్చాలి. ఇంకా అనుమానంగా ఉంటే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు.

ఇక టీటీడీ సంగతి. టికెట్ కోసం ఏపీకే ఫైలు వేసుకోవాల్సిన పని ఎక్కడా లేదు. టికెట్లు టీటీడీ వెబ్‌సైట్‌లో, ప్లే స్టోర్‌లో ఉన్న టీటీడీ సొంత యాప్‌లో దొరుకుతాయి. యాప్ వద్దనుకుంటే వెబ్‌సైట్ చాలు. అసలు సైట్ చిరునామా ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది. ‘గవ్ డాట్ ఇన్’ మధ్యలో వచ్చి, దాని తర్వాత ఇంకో చుక్క, ఇంకో పేరు ఉంటే అది నకిలీ. భక్తుల పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు అడగడం సహజమే, దర్శనానికి వెళ్లేది ఎవరో వాళ్లకు తెలియాలి. మీ కాంటాక్టులతో మాత్రం వాళ్లకు పని లేదు.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఫోన్‌లో వాట్సాప్ తప్ప ఇంకే యాప్ వద్దని నిర్ణయించుకున్నాను. మా అబ్బాయి చాదస్తం అంటాడు. సంచార్ సాథీ యాప్ తప్పనిసరి అని కూడా విన్నాను. యాప్‌లు లేకుండా బతకలేమా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చాదస్తం కాదు మాస్టారూ. బతకొచ్చు. సర్టిఫికెట్లు, బిల్లుల వంటి పనులకు రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన ‘మన మిత్ర’ ఉంది. 95523 00009 నంబరును సేవ్ చేసుకుని వాట్సాప్‌లో ‘హాయ్’ అని పంపితే సేవల జాబితా వస్తుంది. బ్యాంకు పనికి బ్రౌజర్‌లో నెట్ బ్యాంకింగ్ వాడొచ్చు. వెబ్‌సైట్ మీ మెసేజ్‌లు చదవలేదు, కాంటాక్టులు గుంజలేదు. అదే దాని లాభం. నెట్ లేకుండా చిన్న మొత్తాలు పంపడానికి బ్యాంకులో నమోదైన నంబరు నుంచి స్టార్ 99 హ్యాష్ డయల్ చేయొచ్చు.

సంచార్ సాథీని కొత్త ఫోన్లన్నింటిలో ముందే వేసి ఇవ్వాలని టెలికాం శాఖ 2025 నవంబర్ 28న కంపెనీలకు చెప్పింది. అభ్యంతరాలు రావడంతో డిసెంబర్ 3న ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. కాబట్టి తప్పనిసరి కాదు. అందులో జరిగే పనులు, అంటే పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించడం, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడం, సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ జరుగుతాయి. రెండోది ఒక్కసారైనా చేయండి.

ఒక్క విషయంలో మీ అబ్బాయి మాట వినొచ్చు. ప్లే స్టోర్ నుంచి తీసుకున్న బ్యాంకు యాప్, యూపీఐ యాప్ ఎస్ఎమ్ఎస్ అనుమతి అడిగితే కంగారు పడనక్కర్లేదు. ఆ ఖాతాకు కట్టిన సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని రుజువు చేసుకోవడానికి అవి మీ ఫోన్ నుంచి ఒక మెసేజ్ పంపుతాయి. నమోదు అయ్యాక ఆ అనుమతి తీసేసి చూడండి, మళ్లీ అవసరమైతే అదే అడుగుతుంది.

ప్రశ్న: యూనివర్సిటీ హాస్టల్‌లో ఉంటాను. ఫీజు కోసం ఒక లోన్ యాప్ వేసుకున్నా. కాంటాక్టులు, గ్యాలరీ అలౌ చేస్తేనే ముందుకు పోతోంది. అలౌ చేసేశాను. ఐదు వేలు అడిగితే మూడు వేల చిల్లర వేశారు, ఏడు రోజుల్లో మొత్తం కట్టమంటున్నారు. కట్టకపోతే మా నాయనకు, మా సార్లకు చెప్తామని బెదిరిస్తున్నారు.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ముందు ఈ మాట విను నాయనా: ఇందులో సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. ఈ రాత్రే ఇంట్లో ఒకరికి, హాస్టల్‌లో నమ్మకమున్న ఒకరికి చెప్పెయ్. వాళ్ల బెదిరింపుకున్న బలమంతా నువ్వు దాచిపెట్టడంలోనే ఉంది.

రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్ 2న ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాల ప్రకారం లోన్ యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ లాగ్‌ల జోలికి పోకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి స్పష్టంగా ఒప్పుకున్నాక ఒక్కసారి వాడుకోవచ్చు, అంతే. 2025లో వచ్చిన ఆదేశాల్లోనూ ఈ నిబంధన ఉంది. రుణమిచ్చే ముందు వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో చూపే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని నిబంధన పెట్టింది. అంటే కాంటాక్టులు ఇస్తేనే ముందుకు పోతానన్న లోన్ యాప్ ఆ ఒక్క మాటతోనే తన రంగు బయటపెట్టుకున్నట్టు.

ఇప్పుడు చేయాల్సిన పని: యాప్ తీసేసే ముందు దాని పేరు, రుణం పేజీ, డబ్బు పడిన ఎంట్రీ, బెదిరింపు మెసేజ్‌లు, వాళ్ల నంబర్లు, యూపీఐ ఐడీ అన్నీ స్క్రీన్‌షాట్ తియ్యి. యాప్ పోతే సాక్ష్యం పోతుంది. తర్వాత అనుమతులన్నీ ఆపి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. ఇప్పటికే వాళ్ల దగ్గరికి పోయిన కాంటాక్టులు దీనితో వెనక్కి రావు. అందుకే నీ వాళ్లకు నువ్వే ముందుగా ఒక మెసేజ్ పెట్టు, ‘నా పేరుతో ఏమైనా ఫొటోలు, మెసేజ్‌లు వస్తే నమ్మొద్దు, ఫిర్యాదు చేశాను’ అని. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యి, రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో కూడా రాయి. బెదిరింపు ఎక్కువైతే దగ్గరి పోలీస్ స్టేషన్‌కి ఆ స్క్రీన్‌షాట్లతో వెళ్లు. ఈ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు మాత్రం చేయకు. ఇక ముందు ఎప్పుడైనా యాప్‌లో అప్పు తీసుకోవాల్సి వస్తే దాని పేరు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోని డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఉందో లేదో చూసుకో.

ప్రశ్న: తిరుపతిలో మాకు పచ్చళ్లు, పొడుల దుకాణం ఉంది. ఇంటికి పంపే ఆర్డర్ల కోసం యాప్ చేయించి, కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టాం. స్కాన్ చేస్తున్నారు కానీ ఇన్‌స్టాల్ చేసుకోరు, చేసుకున్నవాళ్లు తీసేస్తున్నారు. ‘ఏవేవో అడుగుతోందన్నా’ అంటున్నారు. యాప్ చేసిన అబ్బాయిని అడిగితే అందరి యాప్‌లూ అలాగే అడుగుతాయంటాడు.
– ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: మీ ఖాతాదారులు చెప్పిందే నిజం. అమెరికాలో ప్యూ సంస్థ 2015లో ప్రచురించిన సర్వేలో యాప్‌లు వాడేవాళ్లలో 60 శాతం మంది, ఎంత సమాచారం అడుగుతుందో చూసి ఏదో ఒక యాప్ వేసుకోకుండా మానేశామన్నారు. వేసుకున్నాక అదే కారణంతో తీసేశామన్నవాళ్లు 43 శాతం. మరో వైపు, 2012లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు గమనిస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అనుమతుల జాబితాను పట్టించుకున్నవాళ్లు 17 శాతమే. రెండూ నిజమే కావచ్చు. అప్పట్లో జాబితా అంతా ఒక్కసారే చూపించి, ఒప్పుకో లేదా వెళ్లిపో అనేవాళ్లు. ఎవరు చదువుతారు? 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాక ఒక్కో అనుమతీ విడిగా, వాడే సమయంలో కళ్ల ముందుకు వస్తోంది. ఆవకాయ కొనడానికి వచ్చిన మనిషికి ‘కాంటాక్టులు చూడనివ్వండి’ అన్న పెట్టె కనిపిస్తే ఎందుకనే అడుగుతాడు. మీ యాప్‌లో ఆ ఎందుకుకి జవాబు లేదు.

అబ్బాయిని కూర్చోబెట్టి ఒక పని చేయించండి. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో, అనుమతుల జాబితా ఉండే మ్యానిఫెస్ట్ ఫైలు తెరిచి, కింద ఉన్న ‘మెర్జ్‌డ్ మ్యానిఫెస్ట్’ ట్యాబ్ చూడమనండి. అతను రాసిన అనుమతులే కాక, ప్రకటనలకో లెక్కలకో కలిపిన బయటి లైబ్రరీలు (వేరేవాళ్లు రాసి ఇచ్చిన కోడ్) మోసుకొచ్చినవి కూడా అక్కడ బయటపడతాయి. ‘నేను అడగలేదు సార్’ అని అతను నిజాయితీగానే అనొచ్చు. అడిగింది ఆ లైబ్రరీ. అవసరం లేనివి మ్యానిఫెస్ట్‌లోనే తొలగించే వీలుంది.

పచ్చళ్ల యాప్‌కి నిజంగా ఏం కావాలో చూద్దాం. చిరునామా కోసం లొకేషన్ అక్కర్లేదు, పిన్ కోడ్, ఇంటి నంబరు, గుర్తు రాసుకుంటే చాలు. మన ఊళ్లలో ‘గుడి వెనక సందు’ అన్న మాటే డెలివరీ అబ్బాయిని జీపీఎస్ కంటే సరిగ్గా ఇంటికి చేరుస్తుంది. ఓటీపీ దానంతట అదే పడాలంటే ఎస్ఎమ్ఎస్ అనుమతి అక్కర్లేదు, గూగుల్ ఇచ్చే ‘ఎస్ఎమ్ఎస్ రిట్రీవర్’ ఆ ఒక్క మెసేజ్‌నే యాప్‌కి అందిస్తుంది. సీసా పగిలిందని ఫొటో పంపాలంటే గ్యాలరీ మొత్తం అక్కర్లేదు, ‘ఫొటో పికర్’ వాడితే ఖాతాదారు ఎంచుకున్న బొమ్మ ఒక్కటే వస్తుంది. కాంటాక్టులు ఏ పనికీ వద్దు. మిగిలేది నోటిఫికేషన్ ఒక్కటే. దాన్ని యాప్ తెరవగానే అడగొద్దు. మొదటి ఆర్డర్ పూర్తయ్యాక ‘పార్సిల్ బయల్దేరితే చెప్పమంటారా?’ అని ఒక వాక్యం తెలుగులో చూపించి అప్పుడు అడగండి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక అనుమతిని రెండుసార్లు కాదంటే ఫోన్ ఇక ఆ పెట్టెను చూపించదు. తెరిచిన మొదటి నిమిషంలోనే అన్నీ అడిగే యాప్ తన అవకాశాలను అక్కడే పోగొట్టుకుంటోంది.

చట్టం కూడా తెలుసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరో సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోన్‌లో వైద్య సలహా ఇచ్చే యాప్ వైద్యానికి కావాల్సిన సమాచారంతో పాటు కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, దాన్ని వేసుకున్న ఒకామె రెంటికీ ఒప్పుకుంది. వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆమె ఒప్పుకోలు మొదటిదానికే చెల్లుతుంది అంటుంది చట్టం. మీ పచ్చళ్ల యాప్‌కీ ఇదే కొలత. సమ్మతి అడిగే నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలు కల్పించాలి. దీని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఆ గడువు దాకా ఆగకండి.

మనసులో మాట కూడా చెబుతాం. నెలకోసారి పచ్చడి కొనేవాళ్లు దానికోసం ఒక యాప్‌ను ఫోన్‌లో మోయాలనుకోరు. వాట్సాప్ బిజినెస్‌లో ధరల జాబితా పెట్టి, క్యూఆర్ కోడ్ దానికే కలపండి. తరచూ కొనేవాళ్లు పెరిగాక యాప్ సంగతి చూడొచ్చు.

ప్రశ్న: మామిడి ధరలు, వాతావరణం చూపే యాప్ ఒకటి వేసుకున్నా. తోటలో ఉన్నా, ఇంట్లో ఉన్నా నేనెక్కడున్నానో దానికి తెలుస్తా ఉంది. ఛార్జింగ్ కూడా చానా తొందరగా అయిపోతా ఉంది.
– ఒక రైతు, బంగారుపాళ్యం

జవాబు: యాప్ గుర్తును నొక్కి పట్టుకుని, యాప్ ఇన్ఫో, పర్మిషన్స్, లొకేషన్‌లోకి వెళ్లండి. ‘అలౌ ఆల్ ది టైమ్’ అని ఉంటే ‘అలౌ ఓన్లీ వైల్ యూజింగ్ ది యాప్’కి మార్చండి. ఛార్జింగ్ తినేది చాలావరకు ఇదే అయివుంటుంది. దాని కిందే ‘యూజ్ ప్రిసైజ్ లొకేషన్’ అనే మీట ఆపేయండి, ఇది ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది. అప్పుడు మీ తోట గట్టు కాకుండా మీ ప్రాంతం మాత్రమే సుమారుగా తెలుస్తుంది. వానొస్తుందా లేదా, తోతాపురి ధరెంత అన్నదానికి ఆ మాత్రం చాలు.

ప్రశ్న: కలంకారీ చీర కొందామని మా అక్కతో మాట్లాడాను, ఎక్కడా టైప్ చేయలేదు. గంటలో ఫోన్‌లో కలంకారీ చీరల ప్రకటన! ఫోన్ మన మాటలు వింటోందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఫోన్లలో ఏ యాప్ మైక్ వాడినా తెర పైన కుడిమూలన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో మైక్, కెమెరా, లొకేషన్ ఎవరు ఎన్ని గంటలకు వాడారో వరుసగా ఉంటుంది. మీరు మాట్లాడిన వేళకు అందులో ఏమీ లేకపోతే మైక్‌ను అనుమానించనక్కర్లేదు. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా యాప్‌లు పరీక్షిస్తే రహస్యంగా మాటలు రికార్డు చేసి పంపినవి కనపడలేదు. కొన్ని యాప్‌లు తెరను బొమ్మ తీసి బయటికి పంపడం మాత్రం బయటపడింది.

మరి చీర ఎలా తెలిసింది? మాట్లాడాక మీ అక్క తన ఫోన్‌లో వెతికి ఉండొచ్చు. ఇద్దరూ ఒకే వైఫై మీద ఉంటే, ఒకే ఇల్లని ప్రకటనల కంపెనీలు జత చేసుకోగలవు. పైగా మీది కలంకారీకి పేరున్న ఊరు. వీటన్నింటినీ ఒకచోట కట్టే దారం ‘అడ్వర్టైజింగ్ ఐడీ’, అంటే ప్రకటనల కోసం మీ ఫోన్‌కి ఇచ్చిన గుర్తింపు నంబరు. సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్‌లోకి వెళ్లి ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. ప్రకటనలు ఆగవు, యాప్‌లు ఆ నంబరుతో మిమ్మల్ని గుర్తుపట్టడం ఆగుతుంది.

ప్రశ్న: అనవసరమైన యాప్‌లు పదిహేను దాకా తీసేశాను. వాటి దగ్గరున్న నా వివరాలు కూడా పోయినట్టేనా?
– ఒక ఉద్యోగిని, పుత్తూరు

జవాబు: పోలేదు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మీ ఫోన్‌లోని భాగమే పోతుంది, వాళ్ల సర్వర్‌లో మీ ఖాతా అలాగే ఉంటుంది. ఖాతా తెరిపించే యాప్‌లు దాన్ని తొలగించే దారి యాప్‌లోనూ, వెబ్‌లోనూ ఇవ్వాలని గూగుల్ ప్లే నిబంధన ఉంది. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి, మేనేజ్ యాప్స్‌లోకి వెళ్లి, ‘ఇన్‌స్టాల్డ్’ బదులు ‘నాట్ ఇన్‌స్టాల్డ్’ ఎంచుకోండి. మీరు ఇదివరకు వాడి తీసేసినవన్నీ కనిపిస్తాయి. ఒక్కోదాని పేజీలో ‘డేటా సేఫ్టీ’ భాగం తెరిస్తే ఖాతా తొలగింపు గురించి ఉంటుంది. అలాగే గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో, సెక్యూరిటీ కింద, థర్డ్ పార్టీ యాప్‌లకు ఇచ్చిన కనెక్షన్ల జాబితా చూసి, గుర్తులేని ప్రతిదాన్నీ తెంచేయండి. వరుస మాత్రం తప్పొద్దు: ముందు ఆ యాప్‌లో ఖాతా తొలగించండి, తర్వాతే గూగుల్ కనెక్షన్ తెంచండి. ముందే తెంచేస్తే, గూగుల్‌తోనే లాగిన్ అయిన యాప్‌లోకి ఖాతా తీసేయడానికి మళ్లీ కొత్తగా అనుమతి ఇచ్చి వెళ్లాల్సి వస్తుంది.